టేమర్ ఆవు, ఐషమ్ ఓటు

కేన్ క్రీక్ చుట్టుపక్కల ఐషమ్ గాడ్సన్ పేరెత్తితే ముసలివాళ్ళు ముందు ఆవుల సంగతే ఎత్తుతారు. అతను రెండు విడతలు సౌత్ కరోలినా శాసనసభలో కూర్చున్నాడు. వాగు మీద వంతెన వేయించాడు. నల్లవాళ్ళ పిల్లలకి బడి తెచ్చాడు. నల్లవాళ్ళని ఓటేయనివ్వకూడదని ఎర్ర చొక్కాలవాళ్ళు, అంటే దొరల తెల్ల ముఠా, తుపాకులు పట్టుకుని గుర్రాల మీద ఊళ్ళు తిరిగిన ఎన్నికలో కూడా తల వంచకుండా నిలబడి గెలిచాడు. ఇవన్నీ ఎవరైనా గుర్తుచేస్తే, "అవునవును, మంచోడే" అంటారు. అని, మళ్ళీ, "కానీ మన ఆవుల్ని పోగొట్టింది వాడే కదా" అంటారు.

ఆ మాట అబద్ధం కాదు. కాని అంతటితో వదిలేస్తే అన్యాయం. చెప్పాలంటే అతని తండ్రి దగ్గర మొదలుపెట్టాలి.

తండ్రి పేరు సైరస్. విథర్‌బీ వాళ్ళ ఎస్టేటులో బానిస. అతని పని కంచె కర్రలు చీల్చడం. ఆ రోజుల్లో పశువుని ఎవరూ కట్టేసేవాళ్ళు కాదు. ఆవులూ పందులూ పైన్ అడవుల్లో, వాగు పల్లంలో ఇష్టమొచ్చినట్టు తిరిగేవి. ఏది ఎవరిదో చెవి మీది కోత గుర్తును బట్టి తెలిసేది. పశువుకి స్వేచ్ఛ ఉండేది, కంచె కట్టే మనిషికి లేదు. పంట దక్కాలంటే చేను చుట్టూ కంచె కట్టాలి. దుంగని నిలువునా చీల్చి, ఆ కర్రల్ని ఒకదాని మీద ఒకటి వంకర టింకరగా రొమ్మెత్తున పేర్చాలి. దొర భూమి ఎంత దూరం ఉంటే అంత దూరం పేర్చాలి. అవి కుళ్ళిపోతూనే ఉంటాయి, చలికాలం వచ్చేసరికి మళ్ళీ చీలుస్తూనే ఉండాలి.

ఒక చలికాలంలో సైరస్ నరుకుతున్న చెట్టు కూలుతూ కూలుతూ పక్క చెట్టు కొమ్మకి తగిలి, మొదలు వెనక్కి తన్నింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. ఆ పూటకి చీల్చాల్సిన కర్రలు ఇంకా మిగిలి ఉన్నాయి. అవి చీల్చి, బండికెత్తి, కంచె పేర్చాకే శవాన్ని తీసుకురమ్మన్నాడు కావలి దొర. ఐషమ్ అప్పటికే అదే ముఠాలో ఉన్నాడు. తండ్రి పక్కన పడి ఉండగా తండ్రి సమ్మెటే చేత్తో పట్టుకుని ఆ మిగతా కర్రలు చీల్చాడు.

తల్లిని అంతకు ముందే అలబామా దొరకెవరికో అమ్మేశారు. ఐషమ్‌ని పెంచింది అక్క టేమర్.

టేమర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆమె ఎస్టేటు వంటింట్లో ఉండేది. విథర్‌బీ చినదొరకి కొడుకు పుట్టినప్పుడు టేమర్‌కి కూడా బిడ్డ పుట్టింది. దొరసానికి పాలు చాలలేదు. టేమర్‌ని పెద్దింటి మేడ మీదికి తీసుకుపోయి దొర బిడ్డకి పాలివ్వమన్నారు. ఆమె బిడ్డకి కింద గుడిసెలో పిండి కలిపిన నీళ్ళు పట్టారు. ఆ బిడ్డ నిలవలేదు. తర్వాత పుట్టిన కూతురు డోర్కస్ ఒక్కతే దక్కింది. ఉత్తరాదితో యుద్ధం అయిపోయి బానిసలకి స్వేచ్ఛ వచ్చిన రోజు టేమర్ గిన్నె మీద గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుని, కూతుర్ని చంకనేసుకుని వెనక వాకిలి దాటింది. "ఈ వాకిట్లో మళ్ళీ అడుగు పెడితే నన్ను మనిషి అనకండి" అంది. గొంతు పెంచకుండానే అంది. విన్నవాళ్ళు దాన్ని మర్చిపోలేదు.

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆమెకి ఉన్న ఆధారం ఆవు. ఎబ్నర్ కట్లర్ అని ఇసక నేలల్లో బతికే పేద తెల్లవాడు ఒకడున్నాడు. అతని భార్య కాన్పు కష్టమైతే టేమర్ వెళ్ళి తల్లినీ బిడ్డనీ బయటపడేసింది. దానికి బదులుగా ఎబ్నర్ పెయ్యదూడనిచ్చాడు. టేమర్ దాని ఎడమ చెవికి ఏటవాలుగా కోత పెట్టి, చెర్రీ అని పేరు పెట్టి అడవిలోకి వదిలింది. అది పగలంతా వాగు పల్లంలో గడ్డి మేసి, దూడ కోసం సాయంత్రానికి తనంతట తనే ఇంటికొచ్చేది. చెర్రీ పాలు, దాని వెన్న, చర్చివాళ్ళిచ్చిన గుడిసె పక్కన నాలుగు చిలగడదుంపల పాదులు, ఊళ్ళో కాన్పులు. ఇవే టేమర్ బతుకు. ఏ దొర పొలంలోనూ ఆమె ఒప్పందం మీద సంతకం బదులు గీత గుర్తు పెట్టలేదు. డోర్కస్ రెండో కాన్పు తర్వాత జ్వరంతో పోతే, ఆ ఇద్దరు పిల్లలూ చెర్రీ పాలతోనే పెరుగుతున్నారు.

ఐషమ్ మాత్రం స్వేచ్ఛ వచ్చాక కూడా కర్రల నుంచి బయటపడలేదు. ఊళ్ళో మగాళ్ళెవరూ పడలేదు. భూమి దొరలదే. వీళ్ళు పాలికి చేసేవాళ్ళు. పత్తిలో వాటా ఇస్తామని రాసే ఒప్పందంలోనే, చలికాలమంతా కంచెలు బాగుచేయాలని, దానికి కూలి ఉండదని రాసేవాళ్ళు. "బానిసత్వం పోయింది, సమ్మెట పోలేదు" అనేవాడు ఐషమ్. చదువు నేర్పడానికి వచ్చిన టీచరమ్మ దగ్గర పెద్దవయసులో అక్షరాలు దిద్దుకున్నాడు. పత్తి తూకంలో మోసం జరిగితే దొర మొహం మీదే అనేవాడు. అందుకే జనం అతన్ని సభకి పంపారు.

రెండో విడత గెలిచేనాటికి రోజులు మారిపోయాయి. ఎర్ర చొక్కాలవాళ్ళు రాష్ట్రాన్ని పట్టుకున్నారు. రాజధాని కొలంబియాలో, సభ కూడే ఆ పెద్ద రాతి భవనంలో, నల్లవాళ్ళు ఒక మూల బల్లల మీద కొద్దిమంది మిగిలారు. నడవకి అవతలి పక్క కర్నల్ విథర్‌బీ కూర్చునేవాడు. ఒకప్పటి చినదొర. ఒకప్పుడు "ఒరే" అని పిలిచిన నోటితోనే సభలో ఐషమ్‌ని "కేన్ క్రీక్ గౌరవ సభ్యులు" అనాల్సి వచ్చేది. అనేవాడు కూడా, పంటి కింద రాయి తగిలినట్టు మొహం పెట్టి.

అలాంటి కర్నల్ ఒక రోజు మెట్ల మీద ఆగి మాట కలిపాడు.

"ఐషమ్, ఈసారి నేను తెస్తున్న బిల్లు నీకు నచ్చుతుంది."

"మీరు తెచ్చింది నాకు నచ్చడం ఇంతవరకు జరగలేదండీ."

"ఇకమీదట చేనుకి కంచె అక్కర్లేదు. ఎవడి పశువుని వాడే కట్టేసుకోవాలి. మీ నాన్న ఎలా పోయాడో నాకు గుర్తుంది. ఇంకెవడూ అలా పోకూడదు." ఆ మాట చెప్పి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఐషమ్ ఆ బిల్లుని మళ్ళీ మళ్ళీ చదివాడు. ఎక్కడా మోసం కనపడలేదు. ఎంత చదివినా అతని కళ్ళకి ఒక్కటే కనపడింది. కర్రలు ఉండవు.

సభలో పెద్ద విషయం వచ్చినప్పుడల్లా ఆదివారం చర్చిలో జనం ముందు పెట్టి మాట్లాడటం అతని పద్ధతి. ఈసారీ అలాగే చేశాడు. మగాళ్ళు ముందు బల్లల మీద, ఆడవాళ్ళు వెనక బల్లల మీద కూర్చున్నారు.

"చేలకి కంచెలు ఉండవు. ఒక్క కర్ర కూడా చీల్చక్కర్లేదు. చలికాలం మీది" అన్నాడు ఐషమ్.

ముందు బల్లలు హోరెత్తాయి. కాళ్ళు నేలకేసి కొట్టారు. రూబెన్ అని, దుంగ కింద వేళ్ళు నలిగిపోయినవాడు, లేచి, "ఆ మాట మళ్ళీ అను తమ్ముడూ, కడుపు నిండా వింటాను" అన్నాడు.

వెనక నుంచి టేమర్ లేచింది. "మరి ఆవో?"

"ఆవుకేమొచ్చిందక్కా?"

"కట్టేసుకోవాలన్నావుగా. ఎక్కడ కట్టను?"

"తాడేసి కట్టుకో. తాడుకి కూడా చట్టం కావాలా?"

"తాడుందిరా. గుంజ పాతడానికి నేల ఎవరిదీ అని అడుగుతున్నా."

ఎవరో మగాడు అందుకున్నాడు. "ఐషమూ, టేమరమ్మ ఆవుకి సభలో నీ పక్కనే కుర్చీ వేయించు. గొడవుండదు."

చర్చి అంతా నవ్వింది. ఐషమ్ కూడా నవ్వాడు. టేమర్ నవ్వినవాళ్ళ వంక ఒకసారి చూసి కూర్చుంది. పక్కనున్న ఐషమ్ భార్య బైనా, "నువ్వడిగింది నిజమే వదినా" అని గొణిగింది. ఆ గొణుగు ముందు బల్లల దాకా పోలేదు.

ఆ మగాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పాలెక్కడి నుంచి వస్తున్నాయో తెలియనివాళ్ళూ కారు. కానీ కర్ర వాళ్ళ వీపుల మీద ఉంది. ఆవుని చూసేది ఆడవాళ్ళు, పిల్లలు. ఎవరి నొప్పి వాళ్ళకే తెలుస్తుంది. సభలో ఓటున్నది మాత్రం మగవాడికే.

బిల్లు వచ్చిన రోజు ఐషమ్ లేచి మాట్లాడాడు. తండ్రి చావు గురించి చెప్పాడు. చీల్చాల్సిన మిగతా కర్రల గురించి కూడా చెప్పాడు. పైన చూసేవాళ్ళ వరసల్లో కూర్చున్న తెల్ల ఆడవాళ్ళు రుమాళ్ళు తీశారు. అతను కూర్చోగానే అవతలి పక్క బల్లల వాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతకు ముందు అతను బడి గురించి మాట్లాడితే పేపరు చదువుకున్న మనుషులు. బిల్లు నెగ్గింది. బయటికొస్తుంటే సముద్రతీరం వైపు నుంచి ఎన్నికైన నల్ల సభ్యుడు, హార్డీ అనే ముసలి దర్జీ, అతని మోచేయి పట్టుకున్నాడు.

"బాగా మాట్లాడావు."

"మరి అలా ఉన్నావేంటి బాబాయ్?"

"వాళ్ళు చప్పట్లు కొట్టారబ్బాయ్. నాకు అది నచ్చలేదు."

చట్టం మరుసటి వసంతంలో కేన్ క్రీక్‌కి వచ్చింది. దొరలు కంచెలు పీకించి కర్రల్ని పొయ్యిలోకి వాడుకున్నారు. చేలు అడవి అంచు దాకా బార్లా తెరుచుకున్నాయి. అడవి మాత్రం మూసుకుపోయింది. అక్కడ పశువు కనపడితే బందెలదొడ్డికి తోలడమే. దొరలకి పచ్చిక బయళ్ళున్నాయి, వాటి చుట్టూ కొత్తగా వచ్చిన ముళ్ళతీగ బిగించారు. పాలికి చేసేవాళ్ళకి గుమ్మం దాకా పత్తి వేయమన్నారు. గుంజ పాతడానికి జానెడు నేల వదలమంటే, "అది పత్తి నేల" అన్నారు.

పోనీ చలికాలమైనా దక్కిందా అంటే, అదీ లేదు. కొత్త ఒప్పందాల్లో కంచెల బదులు కాలవలు తవ్వాలని రాశారు. చలికాలమంతా, కూలి లేకుండా. రూబెన్ ఆ మాట విని ఐషమ్ దగ్గరికొచ్చాడు. నిందించలేదు. వేళ్ళు పోయిన చెయ్యి చూపించి, "సమ్మెట పట్టుకోడానికి ఈ చెయ్యి ఎలాగో అలవాటు పడింది తమ్ముడూ. పార పట్టుకోడానికి మళ్ళీ నేర్చుకోవాలి" అన్నాడు.

ఆ వేసవిలో జనం పశువుల్ని అయినకాడికి అమ్మేశారు. కొన్నది పచ్చిక ఉన్న దొరలే. పందుల్ని కాలం కాని కాలంలో కోసి ఉప్పేశారు, ఎండలకి మాంసం సగం పాడైంది. వాగు దగ్గర బట్టలుతికే ఆడవాళ్ళు ఐషమ్ వస్తుంటే గొంతులు పెంచేవాళ్ళు.

"ఒసే, కోళ్ళని బుట్టల కింద మూయండే. దొరగారు వస్తున్నారు."

"కోళ్ళకి ఇంకా చట్టం రాలేదులేవే."

"ఈసారి కొలంబియా వెళ్తే తెస్తారుగా. మజ్జిగ పొయ్యమ్మా ఆయనకి. అయ్యో, లేదు కదూ."

ఐషమ్ టోపీ తీసి, తల దించుకుని దాటిపోయేవాడు. ఆ నవ్వులో కోపం ఉంటే తట్టుకునేవాడేమో. అందులో ఆకలి ఉంది.

టేమర్ చెర్రీని అమ్మలేదు. మొదట చర్చి వెనక సమాధుల మధ్య కట్టింది. పాస్టరు ప్రిమస్‌ని అడిగితే, "చచ్చినవాళ్ళేమీ అనరులే టేమరమ్మా, కట్టుకో. బతికున్నవాళ్ళు అంటే నేను చూసుకుంటా" అన్నాడు. అది చూసి మిగిలిన ఆవులున్నవాళ్ళు కూడా వచ్చారు. కొద్ది రోజుల్లోనే అక్కడ గడ్డి పోయి ఎర్రమట్టి తేలింది. తర్వాత బాట వార కట్టింది. ఒక మధ్యాహ్నం పిల్లవాడికి జ్వరమొస్తే ఆమె ఇంటికెళ్ళింది. ఆవు గుంజ పీక్కుని, కంచెలేని కర్నల్ మొక్కజొన్నలోకి పోయింది. కర్నల్ మనుషులు దాన్ని బందెలదొడ్డికి తోలారు.

ఐషమ్ సభకి వేసుకెళ్ళే నల్లకోటుని కొట్టువాడి దగ్గర తాకట్టు పెట్టి బందె కట్టాడు. దొడ్డి గేటు దగ్గర కర్నల్ గుర్రం మీద ఉన్నాడు.

"ఈసారికి విడిపించావు. రేపు మళ్ళీ పోతుంది. ఆకలేసిన ఆవు చట్టం చదవదు కదా" అన్నాడు.

"మీరు తెచ్చినప్పుడు ఈ సంగతి తెలుసా అండీ?"

"నీకు తెలియదా?" కర్నల్ నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అడిగాడు. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని, "టేమర్ ఆవుని నా పచ్చికలో మేయనీ. అద్దె అడగను. మా ఇంట్లో వంటమనిషి నిలవడం లేదు. టేమర్ వచ్చి ఒప్పందం మీద గుర్తు పెడితే చాలు. మా ఆవిడ కూడా ఆమెనే తలుచుకుంటూ ఉంటుంది" అన్నాడు.

ఐషమ్‌కి బిల్లు అప్పుడర్థమైంది. ఎంత చదివినా కనపడని అర్థం గుర్రం మీది నుంచి ఒక్క మాటలో దిగింది. ఆ చట్టం ఆవుల్ని కట్టడానికి రాలేదు, మనుషుల్ని కట్టడానికి వచ్చింది. ఇంత పాలు, ఇంత మాంసం అడవి నుంచి వచ్చినన్నాళ్ళు మనిషి దొర మొహం చూడకుండా బతకగలడు. అది తెంపేస్తే తనంతట తనే వచ్చి గుమ్మంలో నిలబడతాడు.

కర్నల్ అన్నమాట అతను అక్కకి దాచకుండా చెప్పాడు. టేమర్ ఆవు మెడ మీద తాడు ఒరిపిడికి తోలు లేచిన చోట పందికొవ్వు రాస్తోంది.

"శీతాకాలంలో సభ మళ్ళీ కూడుతుందిగా?" అంది.

"కూడుతుందక్కా."

"అప్పటిదాకా ఆకూ అలమూ కోసుకొచ్చి మేపుతా. నువ్వు చేసింది నువ్వే తీసెయ్. తీసేస్తే ఇది అడవిలోకి పోతుంది, నేను నా ఇంట్లో ఉంటా. తియ్యలేకపోతే..." అని ఆగి, "పిల్లలకి పాలుండాలి కదరా" అంది.

ఐషమ్ ఆ వేసవి చివరంతా తిరిగాడు. ఒక్కడి మాట సభలో చెల్లదని అతనికి తెలుసు. తెల్లవాళ్ళలోనూ భూమి లేనివాళ్ళున్నారు, వాళ్ళ పశువులూ ఆ అడవిలోనే మేసేవి. వాళ్ళూ వీళ్ళూ కలిసి జిల్లా కోర్టు ముందు గుంపుగా నిలబడి ఈ చట్టం వద్దంటే కర్నల్ పక్కవాళ్ళే కొందరు జంకుతారు. అలా అనుకుని ఎబ్నర్ కట్లర్ ఇంటికి వెళ్ళాడు. ఎబ్నర్ గుమ్మంలో కూర్చుని ఖాళీ దొడ్డి వంక చూస్తున్నాడు.

"రండి సభ్యులవారూ. కుర్చీ వేద్దామంటే అదీ అమ్మేశాం" అన్నాడు.

"తిట్టు, పడతా. కానీ నాతో కోర్టు దగ్గరికి రా ఎబ్నర్. మీవాళ్ళనీ తీసుకురా. నా పక్కన నిలబడు."

ఎబ్నర్ నోట్లో పొగాకు ఉమ్మేశాడు. "మా ఆవిడ బతికుందంటే మీ అక్క వల్ల. అది నేను మర్చిపోలేదు."

"అయితే రా."

"నీ పక్కన నిలబడ్డానని తెలిస్తే రేపు మావాళ్ళే ఎర్ర చొక్కాలేసుకుని నా ఇంటికొస్తారు. నేనూ పోయినేడు వేసుకున్నాను ఆ చొక్కా. ఎవరింటికి వెళ్ళామో నీకు చెప్పక్కర్లేదు."

"ఆ చొక్కా ఇచ్చినవాడే నీ ఆవుల్ని తీసుకుపోయాడు."

"తెలుసు."

"తెలిసీ?"

"తెలిసీ" అన్నాడు ఎబ్నర్, తలెత్తకుండా.

సభలో ఐషమ్ అరువు కోటుతో లేచాడు. పశువుల చట్టాన్ని రద్దు చేయాలని, కనీసం భూమి లేనివాళ్ళ పశువులకి అడవి వదలాలని బిల్లు పెట్టాడు. ఈసారి తండ్రి మాట ఎత్తలేదు. సమాధుల మీద గడ్డి గురించి చెప్పాడు, ఉప్పులో కుళ్ళిన మాంసం గురించి చెప్పాడు. అవతలి పక్కనుంచి ఒక కుర్ర సభ్యుడు లేచి, ఐషమ్ పాత ఉపన్యాసాన్నే గుర్తుచేశాడు.

"పోయినసారి గౌరవ సభ్యులు ఏడిపించారు. ఈసారి ఏడవమని మళ్ళీ అడుగుతున్నారు. ముందు వారి తండ్రిగారి కన్నీళ్ళు కావాలో, వారి ఆవుగారి కన్నీళ్ళు కావాలో తేల్చుకుంటే, మేం రుమాళ్ళు తెచ్చుకుంటాం."

సభ గొల్లుమంది. కర్నల్ నవ్వలేదు. మర్యాదగా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఓటుకి పెడితే ఐషమ్ పక్కన లేచింది మూల బల్లల వాళ్ళు మాత్రమే. ముసలి హార్డీ మోకాళ్ళు పట్టుకుని అందరికంటే ముందు లేచి, అందరికంటే ఆఖర్న కూర్చున్నాడు.

ఆ తర్వాతి ఎన్నికలో కేన్ క్రీక్ జనం ఐషమ్‌కి ఓటేయడానికి రాలేదు. పొలాల్లోనే ఉండిపోయారు. ఎర్ర చొక్కాలవాళ్ళకి ఆ రోజు గుర్రాలెక్కే పని కూడా పడలేదు. తనని ఓడించింది దొరలు కాదన్న సంగతి చచ్చేదాకా అతన్ని లోపల్లోపల తినేసింది. మిగతా బతుకంతా పాలికి పత్తి చేసి, కాలవలు తవ్వి, చర్చిలో బైబిలు చదివి వినిపించి గడిపాడు. ఎవరైనా సభ గురించి అడిగితే వంతెన మాట చెప్పేవాడు కాదు, బడి మాట చెప్పేవాడు కాదు. "ఒకసారి వెనక బల్లల మీద కూర్చున్నవాళ్ళు చెప్పింది నేను వినలేదు" అని ఊరుకునేవాడు.

అదంతా తర్వాత. ఓటు ఓడిపోయాక కొలంబియా నుంచి రైలు దిగి, బాట పట్టి నడిచి అతను తిన్నగా అక్క ఇంటికే వెళ్ళాడు. టేమర్ వాకిట్లో ఉంది. చెర్రీ డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి. పొద్దున పితికితే గ్లాసుడు రాలేదట. చిన్న పిల్ల గుమ్మంలో కూర్చుని ఎండు రొట్టె ముక్క నములుతోంది. టేమర్ తమ్ముడి మొహం చూసింది. లోపలికెళ్ళి తలకి ఉతికిన గుడ్డ కట్టుకొచ్చింది.

"అక్కా, ఇంకొన్ని రోజులు ఆగు. పిల్లల్ని బైనా చూసుకుంటుంది. నేను ఎవరినైనా..."

"ఎవర్నిరా?"

ఐషమ్ ఎండు రొట్టె నములుతున్న పిల్ల వంక చూశాడు.

"నేను నీ మీద కోపంతో పోవడం లేదు" అంది టేమర్. "ఆ రోజు చర్చిలో కోపమొచ్చింది. ఇప్పుడు లేదు. నువ్వు నాన్న కోసం చేశావు. నేను వీళ్ళ కోసం చేస్తున్నా."

"వద్దక్కా. నువ్వా వాకిట్లోకి పోతే నేను చూడలేను."

"అయితే చూడకు. ఆవుని నడిపించు చాలు. దానికి నడిచే ఓపిక లేదు, వెనక నుంచి తోలాలి."

ఇద్దరూ ఆవుని తోలుకుని బాట మీద నడిచారు. ఆవు మధ్యమధ్య ఆగిపోతుంటే ఐషమ్ దాని నడుం మీద అరచెయ్యి పెట్టి నెట్టాడు. చేలలో పత్తి ఏరేవాళ్ళు తలలెత్తి చూశారు. ఎవరూ ఎగతాళి చేయలేదు. ఒకామె గోనె దించి నిలబడింది. ఆమెని చూసి పక్కామె నిలబడింది. శవయాత్ర పోతుంటే నిలబడతారే, అలాగ.

కర్నల్ పచ్చిక దగ్గర ముళ్ళతీగ గేటు తీసే ఉంది. లోపల మోకాలెత్తు గడ్డి. తాడు విప్పగానే ఆవు వెనక్కి తిరిగి చూడలేదు, తల వంచి మేయడం మొదలుపెట్టింది. టేమర్ కాసేపు దాన్నే చూసింది. "తిననీ పాపం" అంది.

పెద్దింటి వెనక వాకిలి అక్కడికి దగ్గరే. టేమర్ ముందు నడిచింది. ఐషమ్ వెంట వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడి దాకా చాలు తమ్ముడూ. ఒప్పందం మీద ఏం రాశారో చదివి చెప్పడానికి వస్తావేమో. వద్దు. ఏం రాసినా గుర్తు పెట్టేదే కదా."

"అక్కా..."

"బైనాకి చెప్పు, పెద్దాడికి రాత్రి రొమ్ముకి నూనె రాయమని. దగ్గు తగ్గలేదు."

వంటింటి తలుపు తెరుచుకుంది. విథర్‌బీ దొరసాని గుమ్మంలోకొచ్చింది, జుట్టు నెరిసింది. "టేమర్, నువ్వేనా? ఇంతకాలానికి. రా రా, పొయ్యి ఆరిపోయేలా ఉంది" అంది, నిన్ననే వెళ్ళి ఇవాళ వచ్చినట్టు.

టేమర్ రాతి గడప ముందు ఆగింది. చెప్పులకి అంటిన మట్టిని గడ్డిలో రాసుకుంది. ఇంకాస్త రాసుకుంది. ఐషమ్ బాట మీదే నిలబడి ఉన్నాడు. టోపీ తీశాడు, ఎందుకు తీశాడో అతనికీ తెలియదు.

"వస్తున్నానమ్మా" అంది టేమర్.